టీనేజీలో తేలికపాటి ఆస్తమా: అపోహలు - వాస్తవాలు

వారంలో రెండు రోజులకు మించి దగ్గో, ఆయాసమో, పిల్లికూతలో ఉంటాయి, కానీ రోజూ ఉండవు. నెలలో మూడు నాలుగు రాత్రులు దగ్గుతో మెలకువ వస్తుంది. స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు కొలిచే పరీక్ష) చేయిస్తే చాలాసార్లు నార్మల్ అనే వస్తుంది. మైల్డ్ పర్సిస్టెంట్ ఆస్తమా అంటే ఇదే. 12 నుంచి 18 ఏళ్ల పిల్లల్లో ఇది అదుపు తప్పడానికి ఎక్కువగా రెండే కారణాలు: మందు మానేయడం, సరిగా పీల్చకపోవడం.

అపోహ: ఆయాసం వచ్చినప్పుడు సాల్బుటమాల్ ఇన్‌హేలర్ కొడితే సరిపోతుంది.

సాల్బుటమాల్ శ్వాసనాళాల చుట్టూ బిగుసుకున్న కండరాన్ని అయిదు నిమిషాల్లో వదులు చేస్తుంది. నాళాల లోపలి వాపును మాత్రం తగ్గించదు. పిల్లవాడికి హాయిగానే ఉంటుంది, లోపల వాపు పెరుగుతూనే ఉంటుంది. తర్వాత ఒక్క జలుబు చాలు, ఎమర్జెన్సీకి పరుగెత్తడానికి. అందుకే ఆస్తమా మార్గదర్శకాలు రూపొందించే అంతర్జాతీయ సంస్థ గినా 2019 నుంచి 12 ఏళ్లు దాటినవారికి సాల్బుటమాల్ ఒక్కటే వాడొద్దని చెబుతోంది. 200 డోసుల సాల్బుటమాల్ డబ్బాలు ఏడాదికి మూడు ఖర్చవుతున్నాయంటే తీవ్రమైన ఎటాక్ వచ్చే ముప్పు పెరిగిందనే లెక్క.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, బుడెసొనైడ్-ఫార్మొటెరాల్ ఇన్‌హేలర్ (పఫ్‌కు 200/6 మైక్రోగ్రాములు; పఫ్ అంటే ఒకసారి పీల్చే మోతాదు). ఇందులో బుడెసొనైడ్ వాపు తగ్గించే స్టెరాయిడ్, ఫార్మొటెరాల్ నాళాలను వదులు చేసే మందు. ఇబ్బంది అనిపించినప్పుడు ఒక పఫ్, కొన్ని నిమిషాల్లో తగ్గకపోతే మరొకటి. ఉపశమనంతో పాటే వాపు తగ్గించే మందూ లోపలికి వెళ్తుంది. రోజుకు గరిష్ఠం 12 పఫ్‌లు, కానీ ఆ దరిదాపుల్లోకి వెళ్తున్నారంటే అదే రోజు డాక్టరును కలవాలి. రెండోది, రోజూ తక్కువ మోతాదు స్టెరాయిడ్ ఇన్‌హేలర్ (బుడెసొనైడ్ అయితే రోజుకు 200 నుంచి 400 మైక్రోగ్రాములు), అవసరానికి సాల్బుటమాల్. రోజూ గుర్తుపెట్టుకుని తీసుకోని పిల్లలకు మొదటి దారే మేలని మా అభిప్రాయం. ఒక్క జాగ్రత్త: సాల్మెటెరాల్ కలిసిన ఇన్‌హేలర్‌ను ఇలా అవసరానికి వాడకూడదు, అది నెమ్మదిగా పనిచేస్తుంది.

అపోహ: స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడితే ఎత్తు పెరగరు, అలవాటు పడిపోతారు. మాత్రలే మేలు.

ఎత్తు గురించిన భయం పూర్తిగా గాలి మాట కాదు. అమెరికాలో జరిగిన క్యాంప్ అధ్యయనంలో 5-12 ఏళ్ల వయసులో మొదలుపెట్టి నాలుగు నుంచి ఆరేళ్లు రోజుకు 400 మైక్రోగ్రాముల బుడెసొనైడ్ వాడినవారు పెద్దయ్యాక సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువ ఎత్తు ఉన్నారు. ఉన్న తేడా అంతే. అదుపులేని ఆస్తమా కూడా ఎదుగుదలను దెబ్బతీస్తుంది, ఎటాక్ వచ్చినప్పుడల్లా మింగే స్టెరాయిడ్ మాత్రల మోతాదు దీనికి ఎన్నో రెట్లు. వ్యసనంలా అలవాటు పడటమన్నది అసలే లేదు. నోట్లో తెల్లపూత, గొంతు బొంగురు రాకుండా పీల్చిన ప్రతిసారీ పుక్కిలించి ఉమ్మేయాలి.

మాత్రల లెక్క కూడా చూడండి. రెండు పఫ్‌ల సాల్బుటమాల్ అంటే 200 మైక్రోగ్రాములు, 2 మిల్లీగ్రాముల మాత్ర అంటే 2,000. అది ఒళ్లంతా తిరిగి, గుండె దడ, చేతుల వణుకు తెచ్చి, ఆలస్యంగా ఊపిరితిత్తులకు చేరుతుంది. ఆస్తమాకు ఇచ్చే మరో మాత్ర మాంటెలుకాస్ట్ వాడుతున్నప్పుడు నిద్ర, మూడ్, ప్రవర్తనలో మార్పులు గమనించాలి. 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనిపై తన అత్యంత తీవ్రమైన హెచ్చరికను జారీ చేసింది. టీనేజీ చిరాకే అనుకుని వదిలేయొద్దు.

అపోహ: ఇన్‌హేలర్ వాడుతున్నా తగ్గడం లేదంటే మందు పనిచేయడం లేదు.

మోతాదు పెంచే ముందు, పిల్లవాడు ఎలా పీలుస్తున్నాడో ఎదురుగా కూర్చుని చూడండి. స్ప్రే ఇన్‌హేలర్‌ను బాగా ఊపాలి, ఊపిరి పూర్తిగా వదలాలి, పెదాలు బిగించి నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూ నొక్కాలి. నాలుగైదు సెకన్లు పీల్చి, పది సెకన్లు ఆపాలి. రెండో పఫ్‌కు అర నిమిషం ఆగి, మళ్లీ ఊపాలి. స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే ప్లాస్టిక్ గొట్టం) పెడితే నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరకపోయినా ఫర్వాలేదు, మందు గొంతులో కాకుండా లోపలికి చేరుతుంది. ఒకసారికి ఒక్క పఫ్ మాత్రమే. స్పేసర్‌ను సబ్బునీళ్లలో కడిగి గాలికి ఆరనివ్వాలి. గుడ్డతో తుడిస్తే ప్లాస్టిక్‌లో స్థిర విద్యుత్తు పుట్టి మందు గోడలకే అంటుకుంటుంది.

పరికరంలో పెట్టి పీల్చే పొడి మందు క్యాప్సూళ్లు, అంటే రోటాక్యాప్స్‌ది దీనికి పూర్తిగా వ్యతిరేకం: గట్టిగా, వేగంగా, లోతుగా పీల్చాలి. పరికరంలోకి ఊపిరి వదిలితే తేమకు పొడి ముద్దకడుతుంది. క్యాప్సూల్‌లో పొడి మిగిలితే మళ్లీ పీల్చాలి. క్యాప్సూల్‌ను మింగేవాళ్లూ ఉన్నారు, మందులషాపులో ఎవరూ చెప్పకపోవడం వల్ల. డోస్ కౌంటర్ (ఇంకెన్ని డోసులు మిగిలాయో చూపే అంకెలు) లేని స్ప్రే డబ్బాలో మందు అయిపోయాక కూడా గాలి వస్తూనే ఉంటుంది, కాబట్టి మొదలుపెట్టిన తేదీ దానిపై రాసుకోండి.

అపోహ: ఆటలు మానాలి, పెరుగు, అరటిపండు ముట్టకూడదు.

ఆడాలి. పది పదిహేను నిమిషాలు వార్మప్ చేసి, డాక్టరు చెప్పి ఉంటే ముందుగా ఇన్‌హేలర్ తీసుకుని దిగాలి. అయినా రోజూ ఆయాసం వస్తుంటే అదుపు చాలలేదని అర్థం, ఆట తప్పు కాదు. అలర్జీ నిర్ధారణ కానంతవరకు పెరుగు, అరటిపండు మానక్కర్లేదు. మానాల్సినవి దోమల బత్తీ పొగ, సాంబ్రాణి, సిగరెట్, వేపింగ్.

అపోహ: ఈ వయసులో దానంతటదే పోతుంది, మృగశిర కార్తె చేప ప్రసాదం తింటే ఇన్‌హేలర్ అక్కర్లేదు.

కొందరిలో లక్షణాలు నిజంగానే పోతాయి, కొందరిలో మళ్లీ వస్తాయి. ఆస్తమాను శాశ్వతంగా పోగొట్టే మందు ఇంతవరకు లేదు. ప్రసాదం తీసుకున్నా, తీసుకోకపోయినా ఇన్‌హేలర్ ఆపొద్దు. మూడు నెలలు బాగా అదుపులో ఉంటే డాక్టరే మోతాదును 25 నుంచి 50 శాతం తగ్గిస్తారు. జలుబు ఉన్నప్పుడు, పరీక్షల ముందు, ప్రయాణాలప్పుడు తగ్గించకూడదు.

హాస్టల్లో ఇన్‌హేలర్ పిల్లల జేబులో ఉండాలి, వార్డెన్ బీరువాలో కాదు. తోటి విద్యార్థికి ఇది తెలిసి ఉండాలి: ఎటాక్ వస్తే కూర్చోబెట్టి, స్పేసర్‌తో ఒక్కొక్కటిగా నాలుగు పఫ్‌ల సాల్బుటమాల్, ప్రతి పఫ్‌కు నాలుగైదు శ్వాసలు. తగ్గకపోతే 20 నిమిషాలకు మళ్లీ ఇస్తూ ఆస్పత్రికి బయలుదేరాలి. పూర్తి వాక్యం మాట్లాడలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా, మగతగా ఉన్నా ఆ 20 నిమిషాలు ఆగకుండా వెంటనే 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా పఫ్‌లు ఇస్తూనే ఉండాలి.