కొర్రసాళ్ల నడుమ కంది

పాత ప్రకాశం జిల్లా పడమటి మెట్టలో, కనిగిరి, గిద్దలూరు వైపు, కందిచేలు చాలానే కనిపిస్తాయి. ఎక్కువ చేలల్లో కంది ఒక్కటే. నాలుగైదు సాళ్లు కొర్ర, ఒక సాలు కంది వేసే పాత పద్ధతి బాగా తగ్గింది. ఆ పద్ధతి వెనకున్న లెక్క తెలిసేకొద్దీ నాకు దాని మీద గౌరవం పెరుగుతోంది.

ఎర్రనేలకు ఆ రంగు ఇనుము వల్ల వస్తుంది. ఆ ఇనుమే భాస్వరాన్ని గట్టిగా పట్టేసుకుంటుంది. డీఏపీ ఎరువు వేసినా అందులోని భాస్వరం కొంత పైరుకు చేరకముందే బిగుసుకుపోతుంది. నేలలో ఉంటుంది, వేరుకు మాత్రం అందదు. కంది దీనికో ఉపాయం కనిపెట్టుకుంది. దాని వేళ్లు పిసిడిక్ ఆమ్లాన్ని ఊరిస్తాయి. అది ఇనుమును పట్టుకోగానే భాస్వరం విడివడుతుంది. హైదరాబాద్ దగ్గరున్న మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో జరిగిన ఈ పరిశోధన 1990లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. వేరు తోడుకున్న భాస్వరంలో కొంత ఆకులోకి చేరుతుంది, ఆకు రాలి కుళ్లితే తర్వాతి పంటకు దక్కుతుంది.

పూతకు ముందు ఒక కందిమొక్కను వేళ్లు తెగకుండా తవ్వి తీసి, వేరుబుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీరంగు ఉంటే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తున్నట్టే. ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్‌ది, అంటే మన నెత్తుటిలోని హీమోగ్లోబిన్‌కు చుట్టం. నత్రజనిని పట్టే ఎంజైము ఆక్సిజన్ తగిలితే చెడిపోతుంది కాబట్టి ఆక్సిజన్‌ను అదుపులో పెట్టడం లెగ్‌హీమోగ్లోబిన్ పని.

కొర్ర పైమట్టిలోని తడితో బతికి, మూడు నెలల్లో ఇల్లు చేరుతుంది. అంతవరకూ నిదానంగా ఎదిగిన కంది, లోతుకు దిగిన వేరుతో అక్టోబరు, నవంబరు వానలు అందుకుని గుబురుగా విస్తరిస్తుంది. ఒక వాన మొహం చాటేసినా రెండు పంటలూ ఒకేసారి పోవడం తక్కువ.

2016లో రాష్ట్రంలో మొదలైన ప్రకృతి సేద్య కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ అనే అంతర్జాతీయ బహుమతి దక్కింది. ఆ సేద్యం అనగానే అందరూ ఆవుపేడ, మూత్రం కలిపి చేసే జీవామృతం గురించే అడుగుతారు. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా ఉంచడం, పంటలు కలిపి వేయడం, నా దృష్టిలో దాని అసలు బలం ఇక్కడుంది.

అయితే కందిమొక్కను తాకకుండా కొర్రను కోయాలంటే పెద్ద యంత్రం పనికిరాదు, కొడవలే పట్టాలి. కూలి భారం. కోశాక పొట్టు తీయించడానికి ఎంతో దూరం మోసుకెళ్లాలి. సాళ్ల మధ్య నడిచే చిన్న కోతయంత్రం, ఊరికి దగ్గర్లో ఒక కొర్రల మర వచ్చేదాకా రైతు కంది ఒక్కటే వేసుకుంటానంటే నేను తప్పుపట్టలేను.