లిఫ్ట్ చేసిన ఆఫ్‌రోడ్ బండి చాసిస్ రిపేరు: అపోహలు - వాస్తవాలు

బండిని మూడు అంగుళాలు లేపి పెద్ద టైర్లు వేస్తే స్ప్రింగులు మారతాయి, షాకులు మారతాయి. చాసిస్ మాత్రం కంపెనీ నుంచి వచ్చినదే ఉంటుంది. దాని మీద పడే బలాలే ఎక్కువవుతాయి, దారి కూడా మార్చుకుంటాయి. అందుకే ఇలాంటి బండ్లలో పగుళ్లు ఎక్కడపడితే అక్కడ రావు. స్టీరింగ్ బాక్స్ బిగించిన చోట, పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకు జరగకుండా చాసిస్‌కు కట్టి ఉంచే అడ్డకమ్మీ) బ్రాకెట్ మొదట్లో, షాక్ అబ్సార్బర్ పై మౌంటు చుట్టూ, లీఫ్ స్ప్రింగు హ్యాంగర్ల దగ్గర, కంట్రోల్ ఆర్మ్ (యాక్సిల్‌ను చాసిస్‌కు కలిపే చేయి) బ్రాకెట్ల అంచుల్లో వస్తాయి. పగులు కనబడగానే వెల్డింగ్ మెషిన్ ఆన్ చేయకుండా, అది అక్కడే ఎందుకు వచ్చిందో ముందు తేల్చుకోవాలి. కింద చెప్పినవన్నీ లాడర్ చాసిస్ (నిచ్చెనలా రెండు పొడుగు కమ్మీలు, మధ్య అడ్డకమ్మీలు) ఉన్న బండ్ల గురించే. మోనోకాక్ (విడిగా చాసిస్ లేకుండా బాడీయే బరువు మోసే బండి) సంగతి చివర్లో ఉంది.

అపోహ: పగిలిన గీత మీద వెల్డింగ్ కొడితే పని అయిపోతుంది.

వాస్తవం: ఆ వెల్డింగ్ పక్కనే మళ్లీ పగులుతుంది. కారణాలు రెండు. మొదటిది, కంటికి కనిపించే చివర పగులుకు అసలు చివర కాదు. రెండోది, పగులు తెచ్చిన బలం ఇంకా అలాగే ఉంది.

ముందు చివర పట్టుకోవాలి. పెయింటు, మట్టి, తుప్పు మొత్తం తీసి, పగులు చుట్టూ కనీసం 50 మి.మీ. మేర మెరిసే ఇనుము కనబడేలా శుభ్రం చేయాలి. డై పెనెట్రెంట్ ఎర్ర ద్రవం కొట్టి, పది నిమిషాలు ఆగి, పైపైన తుడిచేసి, తెల్ల డెవలపర్ కొడితే పగులు ఎర్ర గీతలా పైకి తేలుతుంది. ఆ గీత ఆగిన చోట 5 మి.మీ. రంధ్రం వేయాలి. పదునైన మొన గుండ్రం అయితే పగులు ముందుకు పాకదు. రంధ్రం గీత చివర కంటే వెనక పడితే వేసినా వేయనట్టే, కాబట్టి డ్రిల్లింగ్ అయ్యాక డై ఇంకోసారి కొట్టి చూడాలి.

తర్వాత పగులు పొడవునా గ్రైండర్‌తో దాదాపు 60 డిగ్రీల 'వి' గాడి తీయాలి. అడుగున 1 నుంచి 1.5 మి.మీ. ఇనుము మిగిలితే చాలు. వెల్డింగ్‌కు ముందే జాకీతో చాసిస్‌ను ఆనించి పగులు మూసుకునేలా నిలబెట్టాలి. నోరు తెరుచుకున్న పగులును అలాగే అతికిస్తే ఆ వంకర శాశ్వతంగా ఉండిపోతుంది. ఒకేసారి పొడుగ్గా లాగకుండా 25, 30 మి.మీ. ముక్కలుగా చోటు మార్చుకుంటూ వెల్డ్ చేయాలి. సి-చానల్ (ఒక పక్క తెరిచి ఉన్న, 'సి' ఆకారపు కమ్మీ) అయితే లోపలి వైపు నుంచి కూడా గాడి తీసి కొట్టాలి. చల్లారడానికి నీళ్లు పోయకూడదు, దానంతట అదే చల్లారాలి. ఆఖరి గ్రైండింగ్ గీతలు చాసిస్ పొడవు దిక్కున ఉండాలి. అడ్డంగా పడిన గ్రైండింగ్ గీత కొత్త పగులుకు విత్తనం.

ఇక కారణం. షాక్ పై మౌంటు పగిలిందంటే మొదట అనుమానించాల్సింది బంప్ స్టాప్‌నే (యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ). లిఫ్ట్ కోసం పొడవైన షాక్ వేసి బంప్ స్టాప్ పాతదే ఉంచితే, యాక్సిల్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు బంప్ స్టాప్ ఆపకముందే షాక్ పూర్తిగా లోపలికి నొక్కుకుపోతుంది. బండి బరువంతా ఆ చిన్న మౌంటు మీద సుత్తి దెబ్బలా పడుతుంది. పరీక్ష సులువు: చాసిస్‌ను స్టాండ్ల మీద నిలిపి, స్ప్రింగు తీసేసి, యాక్సిల్‌ను జాకీతో బంప్ స్టాప్ పూర్తిగా నొక్కుకునే దాకా లేపాలి. అప్పటికి షాక్ రాడ్ ఇంకా 12 నుంచి 15 మి.మీ. అయినా బయట మిగిలి ఉండాలి. మిగలకపోతే బంప్ స్టాప్ కింద స్పేసర్ పెట్టాలి. యాక్సిల్ కిందికి వేలాడినప్పుడు షాకే దాన్ని ఆపుతుంటే లిమిట్ స్ట్రాప్ (యాక్సిల్ మరీ కిందికి జారకుండా పట్టే పట్టీ) కావాలి. ఇది చేయకుండా మౌంటును ఎంత అందంగా వెల్డ్ చేసినా వృథా.

అపోహ: ప్లేటు ఎంత మందమైతే అంత గట్టి.

వాస్తవం: చాసిస్ కొద్దిగా వంగుతూ, మెలి తిరుగుతూ పనిచేసేలా తయారైంది. 3 మి.మీ. చానల్ మీద 8 మి.మీ. ప్లేటు అతికిస్తే ఆ భాగం కదలడం మానేస్తుంది. వంగాల్సిన వంపంతా ప్లేటు ఆగిపోయిన గీత దగ్గర పోగవుతుంది. ఆర్నెల్ల తర్వాత సరిగ్గా ఆ గీత వెంట చాసిస్ తెగితే తప్పు ప్లేటుదే. ప్లేటు మందం చాసిస్ మందంతో సమానంగా, లేదా కొంచెం తక్కువగా ఉంటే చాలు.

మందం కంటే ఆకారం ముఖ్యం. చదరంగా కోసిన ప్లేటు నిలువు అంచులు చాసిస్‌కు అడ్డంగా కూర్చుంటాయి, బలం ఒక్కసారిగా మారేది అక్కడే. రెండు చివరలూ కోణంగా, వజ్రం ఆకారంలో సన్నబడేలా కోయాలి, లేదా చేప నోరులా లోపలికి కోయాలి. మూలలన్నీ గుండ్రం చేయాలి. పగులుకు ఇరువైపులా 75 నుంచి 100 మి.మీ. దాకా ప్లేటు పరుచుకోవాలి. చాసిస్ పొడవుకు అడ్డంగా, నిలువుగా ఒకే గీతలో వెల్డ్ రాకూడదు.

చానల్‌కు పైనా కిందా ఉండే రెక్కల జోలికి వీలైనంత వరకు వెళ్లకపోవడం మేలు. వంగేటప్పుడు ఎక్కువ లాగుడు, ఎక్కువ నొక్కుడు పడేది ఆ రెక్కల మీదే. కింది రెక్కకు అడ్డంగా కొట్టిన ఒక్క వెల్డు, దాని అంచులో చిన్న అండర్‌కట్ (వెల్డు పక్కన కరిగి పడిన గాడి), పగులు మొదలవడానికి ఈ రెండూ చాలు. ప్లేటును నిలువు ముఖం మీదే ఉంచి, వంపు తిరిగే మూలకు 20 మి.మీ. ఇవతలే ఆపాలి.

సి-చానల్‌ను బాక్స్‌గా మూసేయడం మంచి పద్ధతే. కానీ ఒక అడుగు మేర మూసి ఠక్కున ఆపేస్తే అదే సమస్య తిరిగొస్తుంది. మూత పలకను చివర్లో సన్నగా కోసి, చానల్‌లోకి మెల్లగా కలిసిపోయేలా ముగించాలి. అడుగున నీరు పోయే రంధ్రం తప్పనిసరి.

వైరు విషయానికొస్తే, మామూలు చాసిస్ ఉక్కుకు మిగ్‌లో (గ్యాస్ రక్షణతో, వైరు దానంతట అదే వచ్చే వెల్డింగ్) ఈఆర్ 70 ఎస్-6 వైరు, 0.8 లేదా 0.9 మి.మీ., ఆర్గాన్-కార్బన్ డయాక్సైడ్ మిశ్రమంతో బాగా కుదురుతుంది. రాడ్డుతో చేసేవాళ్లు 'ఈ-7018' రకం వాడితే అది పొడిగా ఉండాలి. చెమ్మ పీల్చిన రాడ్డు వెల్డులోకి హైడ్రోజన్ ఎక్కిస్తుంది, వెల్డు చల్లారాక పగులుతుంది. ఆరుబయట గాలి వీస్తుంటే మిగ్ గ్యాస్ చెదిరిపోయి వెల్డు నిండా బుడగలు మిగులుతాయి.

అపోహ: చక్రాల అలైన్‌మెంట్ సరిగ్గా వస్తే చాసిస్ నిటారుగా ఉన్నట్టే. యాక్సిల్ ఒక పక్కకు జరిగితే చాసిస్ వంగినట్టే.

వాస్తవం: రెండూ తప్పే. సర్దుబాటు బోల్టులతో చిన్న వంకరను కప్పిపెట్టి అలైన్‌మెంట్ మెషిన్ తెర మీద అంకెలు పచ్చరంగులోకి తేవచ్చు. ఇక యాక్సిల్ పక్కకు జరగడం ఒక్క లిఫ్ట్ వల్ల కూడా జరుగుతుంది. పాన్‌హార్డ్ రాడ్ పొడవు 900 మి.మీ. అనుకుందాం. లిఫ్ట్‌కు ముందు దాని చాసిస్ వైపు చివర యాక్సిల్ వైపు చివర కంటే 50 మి.మీ. ఎత్తులో ఉంది. 75 మి.మీ. లేపాక ఆ తేడా 125 అవుతుంది. రాడ్ అడ్డు కొలత 898.6 నుంచి 891.3 మి.మీ.కు తగ్గుతుంది. అంటే యాక్సిల్ దాదాపు 7 మి.మీ. రాడ్‌ను చాసిస్‌కు బిగించిన వైపుకు జరుగుతుంది. చాసిస్‌కు ఏమీ కాలేదు. పొడవు సర్దుకునే రాడ్ వేస్తే యాక్సిల్ మధ్యకు వస్తుంది.

రాడ్ కోణం తగ్గించడానికి డ్రాప్ బ్రాకెట్ వేసేవాళ్లు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. చాసిస్ కింద 100 మి.మీ. దూరంలో ఉన్న రంధ్రాన్ని 175కు దించితే, అదే పక్క బలానికి చాసిస్ మొదట్లో మెలిపెట్టే బలం 1.75 రెట్లు అవుతుంది. అలాంటి బ్రాకెట్‌కు అవతలి వైపు చాసిస్ దాకా అడ్డకమ్మీ ఉండాల్సిందే.

చాసిస్ వంకర తేల్చాలంటే యాక్సిల్ నుంచో బాడీ నుంచో కొలవకూడదు, చాసిస్ రంధ్రాల నుంచే కొలవాలి. సమతలంగా ఉన్న గచ్చు మీద బండిని స్టాండ్లపై నిలిపి, ఎడమా కుడీ జంట రంధ్రాల కేంద్రాల నుంచి దారానికి కట్టిన గుండు వేలాడదీసి, నేల మీద సుద్దతో గుర్తులు పెట్టాలి. ముందు భాగం, మధ్య భాగం, వెనక భాగం విడివిడిగా ఐమూల కొలతలు తీయాలి. తయారీదారు కొలతల పట్టీ ఉంటే దానితో పోల్చాలి. సాధారణంగా 3 మి.మీ. లోపు తేడా పట్టించుకోనక్కర్లేదు. ఎత్తుల్లో తేడా, మెలిక నేల మీద గుర్తుల్లో కనబడవు, అందుకు ప్రతి జంట రంధ్రం ఎత్తు కూడా రాసుకోవాలి.

లాగి సరిచేసేటప్పుడు ముందు మెలిక, తర్వాత ఒక కమ్మీ ముందుకు జరిగిన తేడా, ఆ తర్వాత నొక్కుకుపోవడం, కిందికి కుంగడం, చివరకు పక్క వంపు. ఈ వరస తప్పితే సరిచేసిందే మళ్లీ చెడుతుంది. ఉక్కు వెనక్కి స్ప్రింగులా వస్తుంది కాబట్టి కొంచెం ఎక్కువ లాగి, వదిలి, కొలిచి, మళ్లీ లాగాలి. గొలుసు లాగుతున్న దిక్కులో ఎవరూ నిలబడకూడదు.

అపోహ: ఎర్రగా కాల్చి కొడితే ఎంతటి వంకరైనా పోతుంది.

వాస్తవం: పోతుంది, బలంతో పాటు. కొత్త బండ్ల చాసిస్‌లలో ఎక్కువగా వాడేది అధిక బలం గల ఉక్కు, దాని బలం తయారీలో జరిగిన వేడి-చల్లార్పు క్రమం నుంచి వచ్చింది. 650 డిగ్రీల సెల్సియస్ దాటకూడదని చాలా మాన్యువళ్లు గీత గీస్తాయి, కొన్ని అసలు వేడే వద్దంటాయి. ఎండలో ఎర్రరంగు కంటికి కనబడేసరికే ఆ గీత దాటిపోయి ఉంటుంది. ఉష్ణోగ్రత చూపే క్రేయాన్ లేకుండా మంట పెట్టకూడదు. మడత పడిన, ముడతలు తేలిన భాగాన్ని సాగదీయడం కంటే కోసి కొత్త ముక్క వేయడమే సరి.

అపోహ: బోల్టు రంధ్రం కోడిగుడ్డులా సాగితే పెద్ద బోల్టు వేస్తే చాలు.

వాస్తవం: బ్రాకెట్‌ను కదలకుండా పట్టేది బోల్టు బిగింపు. రంధ్రం సాగిందంటే ఎప్పటి నుంచో బిగింపు లేదని అర్థం. రంధ్రం పెంచితే చుట్టూ ఇనుము తగ్గుతుంది. సరైన కేంద్రం వెతికి, ఖచ్చితమైన రంధ్రం ఉన్న 5, 6 మి.మీ. వెల్డ్ వాషర్‌ను అక్కడ అతికించాలి. బాక్స్ చాసిస్‌లో ఈ గోడ నుంచి ఆ గోడకు వెళ్లే బోల్టుకు లోపల గొట్టపు స్లీవ్ లేకపోతే గోడలు లోపలికి నొక్కుకుపోతాయి, ఎంత బిగించినా వదులవుతుంది. స్టీరింగ్ బాక్స్ దగ్గర పగుళ్లకు ఇదో ముఖ్య కారణం. రబ్బరు బుష్‌ల బోల్టులను బండి చక్రాల మీద నిలబడ్డాకే ఆఖరి టార్క్‌కు బిగించాలి.

అపోహ: బ్యాటరీ తీగ పీకేస్తే బండి మీదే నిర్భయంగా వెల్డింగ్ చేయొచ్చు.

వాస్తవం: ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్), ఆల్టర్నేటర్ కనెక్టర్లు కూడా తీయాలి. ఎర్త్ క్లాంపు వెల్డ్ చేసే చోటుకు పక్కనే ఉండాలి, లేకపోతే కరెంటు చక్రాల బేరింగుల గుండా దారి వెతుక్కుంటుంది. ఇంధన ట్యాంకు దించడం, బ్రేక్ పైపులు పక్కకు తీయడం తప్పదు. జింకు పూత ఉన్న చోట పూత తీసి, గాలి వెళ్లే ఏర్పాటుతో చేయాలి. ఆ పొగ జ్వరం తెప్పిస్తుంది.

అపోహ: తుప్పు మీద ప్లేటు కప్పితే కనబడదు, పాడవదు.

వాస్తవం: రెండు పలకల మధ్య నీరు చేరి లోపలి నుంచి తినేస్తుంది. సుత్తితో తట్టినప్పుడు మోగకుండా దబ్‌మంటే ఆ ముక్క కోయాల్సిందే. వెల్డింగ్ అయ్యాక లోపలి పూత కాలిపోయి ఉంటుంది కాబట్టి, చల్లారాక సన్నని గొట్టంతో లోపలికి క్యావిటీ వ్యాక్స్ (తుప్పు ఆపే మైనం) కొట్టాలి.

అపోహ: మోనోకాక్ బండికీ ఇవే పద్ధతులు.

వాస్తవం: కావు. అక్కడ పలకలు పలుచన, స్తంభాల్లో బోరాన్ ఉక్కు ఉంటుంది. దాని బలం 1500 మెగాపాస్కల్స్ దగ్గర. దాన్ని వేడి చేయకూడదు, లాగి సరిచేయకూడదు, తయారీదారు చెప్పిన జాయింటు దగ్గర మార్చడమే. లాడర్ అయినా మోనోకాక్ అయినా, ముందు భాగంలో గుద్దినప్పుడు నలిగేలా కట్టిన చోట గట్టి ప్లేటు వేయకూడదు. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునే సమయం దాని మీద ఆధారపడి ఉంటుంది.

రిపేరు చేసిన చోట నల్ల రంగు కాకుండా లేత బూడిద రంగు వేయడం మంచిది, కొత్త పగులు మొదలైతే తుప్పు గీతగా వెంటనే కనబడుతుంది. మొదటి ఆఫ్‌రోడ్ ప్రయాణం తర్వాత బండిని కడిగి, బోల్టులన్నీ టార్క్ రెంచ్‌తో మళ్లీ చూసి, ఐమూల కొలతలు రాసుకున్న కాగితంతో ఇంకోసారి పోల్చాలి.