కుర్చీ కదల్లేదు కానీ వైఫై పోతోందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

మా ఒడిశా పర్లాకిమిడి, గుణుపురం వైపు వైఫై కంప్లైంట్లకి వెళ్తే ఎక్కువగా వినేది ఇదే, "బాబూ ఒకేచోట కూర్చున్నాను, అయినా ఊరికే కట్ అయిపోతోంది" అని.

అపోహ: ఫోన్‌లో వైఫై గీతలు ఫుల్‌గా ఉన్నాయి, అంటే తప్పు ఇంటర్నెట్ లైన్‌దే.

అబ్బే. ఆ గీతలు రౌటర్ మీ ఫోన్‌కి ఎంత గట్టిగా వినిపిస్తోందో చెప్తాయి, అంతే. పక్కిళ్ళ రౌటర్లన్నీ అదే చానల్లో (వైఫై నడిచే గాలిలోని దారి అనుకోండి) ఉంటే గీతలు నిండుగానే ఉంటాయి, డేటా మాత్రం ఆగి ఆగి వస్తుంది. నేనైతే ఏ సెట్టింగూ ముట్టుకోకముందే లాప్‌టాప్‌లో రెండు కమాండ్ విండోలు తెరిచి, ఒకదాంట్లో రౌటర్ అడ్రస్‌కి (చాలా ఇళ్ళలో 192.168.1.1), రెండోదాంట్లో 8.8.8.8కి (ఇది బయట ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్) ఆగకుండా పింగ్ పెట్టి, అంటే "ఉన్నావా?" అని అడుగుతూ ఉండేలా చేసి వదిలేస్తా. కట్ అయినప్పుడు రెండూ ఆగితే గొడవ ఇంట్లోనే ఉన్నట్టు, రౌటర్ పింగ్ వస్తూ రెండోది ఒక్కటే ఆగితే అప్పుడు ఇంటర్నెట్ లైన్ వాళ్ళకి ఫోన్ చెయ్యండి.

అపోహ: మనం కదలకపోతే సిగ్నల్ కూడా కదలదు.

తలుపు వేసినా, మధ్యలో ఎవరైనా వచ్చి నిలబడినా మారిపోద్ది. ఇంకా పెద్ద తలనొప్పి ఎక్స్‌టెండర్ (రౌటర్ సిగ్నల్‌ని దూరం గదులకి అందించే డబ్బా), అదీ రౌటరూ సమానంగా వినిపించే చోట మంచం వేసుకుంటే లాప్‌టాప్ అటూ ఇటూ మారుతూనే ఉంటుంది, మారినప్పుడల్లా వీడియో కాల్ బిగుసుకుపోతుంది. ఎక్స్‌టెండర్ జరపండి, లేదా దాని సిగ్నల్ పవర్ తగ్గించండి. (సెల్ డేటాదీ ఇదే కథ, మా ఊళ్ళో కూర్చున్న ఫోన్ ఒక్కోసారి పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నం వైపు టవర్ పట్టుకుంటుంది.)

అపోహ: వైఫైని 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ నుంచి 5 గిగాహెర్ట్జ్‌కి మారిస్తే అన్నీ సెట్.

చాలావరకు నిజమే, కానీ 52 నుంచి 144 వరకు ఉన్న చానళ్ళలో రాడార్ లాంటిది వినిపించిందంటే రౌటర్ ఆ చానల్ ఖాళీ చేసెయ్యాలి, కొత్తది కూడా అలాంటిదే అయితే కనీసం 60 సెకన్లు విన్నాకే మళ్ళీ మొదలెట్టాలి, ఈలోపు మీరు రౌటర్‌ని తిట్టుకుంటూ ఉంటారు. రౌటర్ సెట్టింగ్స్‌లో చానల్ ఆటో తీసేసి 36-48 మధ్యలోనో 149 నుంచి పైనో పెట్టండి. 2.4లో ఉండక తప్పదంటే 1, 6, 11లో ఏది ఖాళీగా ఉంటే అది, చానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్.

అపోహ: ఇన్వర్టర్ ఉంది కదా, రౌటర్ ఆగదు.

కరెంట్ పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ చిన్న గ్యాప్‌లో లైటు ఓసారి మిణుకుమంటుంది, అంతే, కానీ కొన్ని రౌటర్లు రీస్టార్ట్ అయిపోతాయి, మనకి తెలీను కూడా తెలీదు. రౌటర్ పేజీలో (బ్రౌజర్‌లో రౌటర్ అడ్రస్ కొడితే వచ్చేది) అప్‌టైమ్, అంటే ఆగకుండా ఎంతసేపట్నుంచి నడుస్తోందో చూడండి. నిన్నట్నుంచి ఆన్‌లో ఉన్నది ఇరవై నిమిషాలే చూపిస్తోందంటే చానళ్ళ సంగతి పక్కనపెట్టి, ముందు అడాప్టర్ మీద రాసున్న ఓల్టేజ్‌కి సరిపడే చిన్న యూపీఎస్ కొనుక్కోండి.