కుందేళ్లు చూపించిన జబ్బు

కావలి, సింగరాయకొండ వైపు పల్లెల్లో కట్లపాము కాటంటే తెలియనివాళ్లు ఉండరు. రాత్రి నేలమీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, కానీ కాసేపటికి రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, ఊపిరి అందదు. పాము కరవకుండానే రెప్పలు వాలి, పొద్దున కాస్త బాగుండి సాయంత్రానికి ముదిరే జబ్బు ఒకటుంది. దాని పేరు మయస్థీనియా గ్రావిస్.

రెండింటిలోనూ దెబ్బ తగిలేది నరం, కండరం కలిసే చోటే. నరం కొస నుంచి వచ్చే అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని కండరం మీది రిసెప్టర్లు, అంటే దాన్ని పట్టుకునే ప్రొటీన్లు, అందుకుంటేనే కండరం కదులుతుంది. మన కట్లపాము విషం ముఖ్యంగా నరం కొసను పాడుచేస్తుంది. మయస్థీనియాలో దెబ్బ రిసెప్టర్ల మీద. ఎవరు కొడుతున్నారన్నది మాత్రం చాలాకాలం అనుమానంగానే ఉండేది.

1973లో కాలిఫోర్నియాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో జిమ్ ప్యాట్రిక్, జాన్ లిండ్‌స్ట్రమ్ కరెంటు ఈల్ చేప నుంచి ఆ రిసెప్టర్లను తీసి కుందేళ్లకు ఎక్కించారు. పరిశోధనకు యాంటీబాడీలు, అంటే బయటి పదార్థం మీద దాడికి ఒళ్లు తయారుచేసుకునే ప్రొటీన్లు, కావాలి, అంతే. కానీ కుందేళ్లు చచ్చుబడిపోయాయి. మయస్థీనియా రోగులకు వాడే రకం మందు ఇస్తే కాసేపు తేరుకున్నాయి! చేప రిసెప్టర్ల మీదికి పుట్టిన యాంటీబాడీలు కుందేళ్ల సొంత కండరాల మీద కూడా పడ్డాయన్నమాట. ఆ జీవాలు పడ్డ బాధ చిన్నది కాదు, అది మరిచిపోకూడదు. 1975లో రోగుల యాంటీబాడీలను ఎలుకలకు ఎక్కిస్తే వాటిలోనూ రిసెప్టర్లు తగ్గాయి. దాంతో దోషి యాంటీబాడీలేనని ఖాయమైంది.

తర్వాత ఎలుకల ప్రయోగాలకు టార్పిడో చేప రిసెప్టర్లు ఎక్కువగా వాడారు. ముట్టుకుంటే చెయ్యి జివ్వుమనిపించే ఈ జాతి చేపలు మన తీరంలో వేటకెళ్లే జాలర్లకు కొత్తకాదు.

అయితే ఎలుక జబ్బు మనిషి జబ్బు కాదు. ఎలుకకు మనం బలవంతంగా తెప్పిస్తాం, మనిషికి దానంతటదే వస్తుంది. చాలామంది రోగుల్లో ఛాతీలోని థైమస్ గ్రంథి తేడాగా ఉంటుంది, కొందరిలో గడ్డ కూడా ఉంటుంది. ఇంజెక్షన్ చేసిన ఎలుకలో అది కనిపించదు. పైగా రిసెప్టర్లు బాగా తగ్గినా ఎలుక మామూలుగానే తిరగగలదు. అందుకే ఎలుకలో పనిచేసిన ప్రతి మందునూ నమ్మేయలేం.

సాయంత్రానికి రెప్ప వాలుతుంటే, రెండుగా కనిపిస్తుంటే కంటి జబ్బనో, నీరసమనో టానిక్‌లు తాగుతూ కూర్చోకుండా న్యూరాలజిస్ట్‌ను కలవండి. రిసెప్టర్ యాంటీబాడీలకు రక్తపరీక్ష ఉంది. అందులో తేలకపోతే మస్క్ అనే ప్రొటీన్ మీది యాంటీబాడీలకు మరో పరీక్ష ఉంది, దాని గురించి కూడా అడగండి.