బేస్ క్యాంప్‌లో వాతావరణం కోసం ఎదురుచూపు: అపోహలు - వాస్తవాలు

శిఖరం ఎక్కే ముందు కింద మకాం వేసే బేస్ క్యాంప్‌లో రాత్రంతా గాలికి టెంటు పటపటా కొట్టుకుంటూనే ఉంటే నాలుగో రోజుకి ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా ఓపిక నశిస్తుంది. "ఇంకెన్నాళ్లు?" అని మొదలవుతుంది. పర్వతారోహణలో తప్పుడు నిర్ణయాలు చాలావరకు ఆ ప్రశ్న దగ్గరే పుడతాయి. కొత్తవాళ్ల నోట నేను తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మంచు ఆగి ఎండ కాస్తే బయల్దేరిపోవచ్చు.

వాస్తవం: నాకు అన్నిటికన్నా భయం వేసే మాట ఇదే. మంచు చరియలు విరిగిపడే ముప్పు బాగా ఎక్కువగా ఉండేది మంచు కురుస్తున్నప్పుడు, ఆగాక మొదటి 24 నుంచి 48 గంటల్లోనూ. కొత్త మంచు పాతదాని మీద కుదురుకోవడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. పైగా గాలి ఒక వాలు మీది మంచుని ఎత్తుకెళ్లి, తన దెబ్బ తగలని అవతలి వైపు పలకలా పేర్చేస్తుంది. చూడటానికి నున్నగా, అడుగు వేయాలనిపించేలా ఉంటుంది. మనిషి బరువు పడగానే ఆ పలకంతా ఒక్కసారిగా జారిపోవచ్చు. అందుకే ఎండ వచ్చిన మొదటి రోజు మేం ఎక్కం. టీ తాగుతూ ఎదుటి వాలుల్నే చూస్తూ కూర్చుంటాం. ఎక్కడ జారింది, ఎన్ని గంటలకు జారింది అన్నది నోట్‌బుక్‌లో రాసుకుంటాం. ఆ రోజు వృథా అయిందని నాకెప్పుడూ అనిపించలేదు.

అపోహ: కింద గాలి లేదంటే పైన కూడా లేనట్టే.

వాస్తవం: ఎవరెస్ట్ దక్షిణం వైపు బేస్ క్యాంప్ దాదాపు 5,364 మీటర్ల ఎత్తులో ఉంటుంది. శిఖరం 8,848.86 మీటర్లు. చలికాలమంతా ఆ శిఖరాన్ని జెట్ స్ట్రీమ్ గాలులు, అంటే చాలా ఎత్తులో అతివేగంగా వీచే గాలులు, బాదుతూ ఉంటాయి. రుతుపవనాలు రాకముందు, మే నెలలో ఆ గాలులు ఉత్తరానికి జరిగినప్పుడు దొరికే కొద్ది రోజులనే వెదర్ విండో అంటాం. శిఖరం మీది నుంచి మంచుపొగ జెండాలా ఒక పక్కకి సాగుతోందంటే, క్యాంప్‌లో ఆకు కదలనంత ప్రశాంతంగా ఉన్నా సరే, పైన నిలబడటం కష్టం.

అపోహ: ఫోర్‌కాస్ట్ చేతిలో ఉంటే చాలు.

వాస్తవం: రెండు మూడు రోజుల ముందస్తు అంచనాని బాగానే నమ్మొచ్చు. వారం దాటితే అది ఒక సూచన మాత్రమే. నేను దానికి తోడు, గాలి పీడనాన్ని బట్టి ఎత్తు చూపే ఆల్టిమీటర్ వాచీని చూసుకుంటాను. గాలి పీడనం తగ్గితే, మనం కదలకపోయినా అది ఎత్తు పెరిగినట్టు చూపిస్తుంది. 5,300 మీటర్ల దగ్గర పీడనం ఒక్క హెక్టోపాస్కల్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) తగ్గితే వాచీలో ఎత్తు సుమారు 14 మీటర్లు పెరుగుతుంది. రాత్రి పడుకునే ముందు అంకె రాసుకుంటాను. తెల్లారేసరికి 50, 60 మీటర్లు పెరిగి ఉందంటే, పీడనం పడిపోయి వాతావరణం చెడబోతోందన్నట్టే; సర్దిన బ్యాగు మళ్లీ విప్పేస్తాను.

అపోహ: ఎంత ఎత్తులో, ఎన్నాళ్లు ఉంటే ఒంటికి అంత అలవాటవుతుంది.

వాస్తవం: కొంతవరకే. 5,300 మీటర్ల దగ్గరే గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే సగం. ఆకలి మందగిస్తుంది, నిద్ర సరిగ్గా పట్టదు, కండ కరుగుతుంది, చిన్న గాయం కూడా ఓ పట్టాన మానదు. ఎక్కువ రోజులు ఆగాల్సి వస్తే లోయలోకి దిగి, బాగా తిని, పడుకుని రావడమే మేలు. ఇక పై క్యాంపులో కాచుకోవడం అసలు విశ్రాంతే కాదు. 1953 ఆగస్టులో చార్లెస్ హ్యూస్టన్ నాయకత్వంలోని అమెరికన్ జట్టు ప్రపంచంలో రెండో ఎత్తైన శిఖరం కె2 మీద దాదాపు 7,700 మీటర్ల ఎత్తున రోజుల తరబడి తుపానులో చిక్కుకుపోయింది. జట్టు సభ్యుడు ఆర్ట్ గిల్కీకి అక్కడే కాలిలో రక్తం గడ్డకట్టింది. అతన్ని దించే ప్రయత్నంలోనే పోగొట్టుకున్నారు.

అపోహ: టెంటులో ఉన్నంతసేపు భయం లేదు.

వాస్తవం: మంచు పేరుకుంటే గాలి వచ్చే సందులు మూసుకుపోతాయి. అప్పుడు లోపల స్టవ్ వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి వాసన ఉండదు. తలనొప్పి వస్తే ఎత్తు వల్లేమో అనుకుంటాం. కాబట్టి అర్ధరాత్రయినా లేచి, లోపలి నుంచి అరచేత్తో గుడ్డని తట్టి, బయటికెళ్లి పారతో చుట్టూ మంచు తీయాల్సిందే.

అపోహ: ఎప్పుడు వెళ్లాలో, ఎప్పుడు వెనుదిరగాలో అప్పటికప్పుడు చూసుకోవచ్చు.

వాస్తవం: నాలుగు రోజులు టెంటులో మగ్గిన మనిషి ఆ టెన్షన్‌లో సరిగ్గా ఆలోచించలేడు. అందుకే తుపాను రాకముందే మేమంతా కూర్చుని మూడు విషయాలు రాసుకుంటాం: గాలి ఎంతకు తగ్గాలి, మంచు ఆగాక ఎన్ని గంటలు గడవాలి, గ్యాస్, తిండి ఏ తేదీ వరకు సరిపోతాయి. ఆ కాగితం డైనింగ్ టెంటులో వేలాడుతూ ఉంటుంది. తుపాను నడుస్తున్నంతసేపు దానిమీద ఒక్క అంకె కూడా మార్చం.