పోయిన నెల జ్వరం మీద పడ్డ నింద

ఒడిశా-ఆంధ్రా సరిహద్దులో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మళ్ళీ అదే గొడవ లేచింది. పిల్లాడికి వైరల్ ఫీవర్ వచ్చింది, తగ్గింది, నెల తిరక్కుండానే షుగర్ నాలుగు వందలు దాటింది, ఇక జీవితాంతం ఇన్సులిన్ అన్నారు. ఆ జ్వరమే చేసిందని ఇంట్లోవాళ్ళు అంటారు. జ్వరం కాదు, టీకాలు అని ఇంకొందరు. డాక్టరుగారేమో "దానికీ దీనికీ సంబంధం లేదమ్మా" అని ఒక్క ముక్కలో తేల్చేసి తర్వాతి పేషెంటుని పిలుస్తారు. కోవిడ్ తర్వాత థైరాయిడ్ వచ్చినవాళ్ళదీ ఇదే గోల.

ఈ పిల్లలకి వచ్చేది టైప్ 1 షుగర్, అంటే రోగనిరోధక శక్తే తిరగబడి ఇన్సులిన్ చేసే కణాల్ని చంపేసే రకం. టైప్ 2కీ దానికీ ఇంకేం తేడా, ఇన్సులిన్ ఎలా దొరికింది, వీటి జోలికి పోను. అనుమానం మాత్రం కొత్తది కాదు. గవదబిళ్ళలు వచ్చి తగ్గాక షుగర్ వచ్చిన కేసు గురించి 1864లోనే నార్వేలో ఒక డాక్టరు రాశాడు. అసలు సంచలనం 1979లో. అమెరికాలో ఫ్లూ లాంటి జ్వరం వచ్చిన కొద్ది రోజులకే పదేళ్ళ పిల్లాడు షుగర్ ముదిరి చనిపోతే, అతని క్లోమం (ఇన్సులిన్ చేసే గ్రంథి) నుంచి కాక్సాకీ బి4 రకం వైరస్‌ని బయటికి తీశారు. దాన్ని ఎలుకలకి ఎక్కిస్తే వాటికీ షుగర్ వచ్చింది. ఇంకేం, దొంగ దొరికాడనుకున్నారు.

వైరస్ కనబడితే అంతా వైరస్సే చేసిందనుకోవడం ఎంత చిక్కో మన పక్కనే ఉన్న మల్కన్‌గిరికి తెలుసు. 2016లో అక్కడ వందమందికి పైగా పిల్లలు పోయినప్పుడు మొదట జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అన్నారు, తర్వాత వైరాలజిస్టు జాకబ్ జాన్ బృందం వచ్చి చాలావాటికి కారణం కసింద గింజల విషమని చెప్పింది.

నా లెక్కలో కథ మలుపు తిరిగింది 1979లో కాదు, 1986లో. బోస్టన్‌లో జార్జ్ ఐజెన్‌బార్త్ అనే డాక్టరు కవల పిల్లల్ని గమనిస్తూ వచ్చాడు. ఒకరికి షుగర్ ఉంది, రెండోవాళ్ళు ఆరోగ్యంగానే ఉన్నారు, కానీ రక్తంలో మాత్రం సొంత క్లోమం మీదే తిరగబడే యాంటీబాడీలు ఉన్నాయి. షుగర్ బయటపడింది ఏళ్ళ తర్వాత. అంటే ఇన్సులిన్ చేసే బీటా కణాలు నెలలో పోవు, ఏళ్ళ తరబడి చడీచప్పుడు లేకుండా పోతుంటాయి, చాలా భాగం పోయాకే దాహం, బరువు తగ్గడం మొదలవుతాయి. 1994 నుంచి ఫిన్‌లాండ్‌లో పుట్టిన పిల్లల్ని పుట్టిన రోజు నుంచే వెంబడించి చూస్తే, ఆ యాంటీబాడీలు చాలామందిలో మొదటి రెండు మూడేళ్ళలోనే మొదలవుతున్నాయని తేలింది.

ఇది ఒప్పుకుంటే ఇప్పటి గొడవ సగం తెగిపోతుంది. పోయిన నెల జ్వరం సాధారణంగా మొదలు కాదు, చివర. జ్వరంలో ఒంటికి ఇన్సులిన్ ఎక్కువ కావాలి, మిగిలిన కాసిని కణాలు అంత ఇవ్వలేవు, దాంతో దాగి ఉన్న జబ్బు బయటపడుతుంది.

అలాగని డాక్టరుగారి మాటే గెలిచిందనుకోవద్దు. ఇంట్లోవాళ్ళ అనుమానంలో తారీఖు తప్పేమో గానీ, అనుమానం మాత్రం ఉత్తది కాదు. అమెరికా, ఫిన్‌లాండ్, జర్మనీ, స్వీడన్‌లలో వేల మంది పిల్లల మలం నమూనాలు నెలనెలా దాచి పరీక్షించిన టెడ్డీ అధ్యయనం 2019లో ఒక సంగతి చెప్పింది: ఎంటెరోవైరస్ బి (కాక్సాకీ బి రకాలు ఈ గుంపులోవే) వచ్చి పోయిన పిల్లల్లో కాదు, అదే వైరస్ నమూనా తర్వాత నమూనాలో కనబడుతూ పొట్టలో తిష్ఠ వేసిన పిల్లల్లో ఈ యాంటీబాడీలు ఎక్కువగా మొదలయ్యాయి. బీటా కణాల మీద కాక్సాకీ వైరస్ పట్టుకుని లోపలికి దూరే గొళ్ళెం లాంటి ప్రొటీన్ ఒకటి ఉంది. పైగా ఆ వైరస్ ప్రొటీన్‌లో ఒక ముక్క, బీటా కణాల్లో ఉండే గ్యాడ్ అనే ప్రొటీన్‌ని పోలి ఉంటుంది కాబట్టి రోగనిరోధక శక్తి మనిషిని పోల్చుకోలేక సొంతవాళ్ళనే కొడుతుందన్న వాదన 1990ల నుంచీ ఉంది. 2023లో నార్వే వాళ్ళు కొత్తగా షుగర్ బయటపడిన పిల్లలకి వైరస్‌ని అణిచే రెండు మందులు ఆరు నెలలు ఇస్తే, ఏడాది తర్వాత వాళ్ళ ఒంట్లో సొంత ఇన్సులిన్ మిగతా పిల్లలకన్నా కాస్త ఎక్కువ మిగిలింది. సంబంధమే లేకపోతే అలా ఎందుకు మిగులుతుంది?

చిక్కల్లా ఇంకో సరిహద్దు దగ్గర ఉంది. ఫిన్‌లాండ్‌లో టైప్ 1 పక్కనున్న రష్యా కరేలియాకన్నా ఆరు రెట్లు ఎక్కువ, కానీ ఎంటెరోవైరస్‌లు ఎక్కువ తిరిగేది కరేలియాలోనే! వైరస్ బాగా తిరిగేచోట తల్లి నుంచే పిల్లకి రక్షణ అందుతుందని ఒక వివరణ. జన్యువుల పాత్ర ఎలాగూ ఉంది.

టీకాల మాటకొస్తే, ఏ వైరస్‌కైతే అందరికన్నా గట్టి సాక్ష్యం ఉందో ఆ రుబెల్లాకి వేసేదే మన ఎంఆర్ (మీజిల్స్-రుబెల్లా) టీకా. కడుపులో ఉండగా రుబెల్లా సోకిన పిల్లల్లో తర్వాత షుగర్, థైరాయిడ్ జబ్బులు ఎక్కువగా వచ్చాయి. పిల్లల విరేచనాలకి కారణమయ్యే రోటావైరస్‌కి వేసే చుక్కలు 2016లో మొదట వేసిన నాలుగు రాష్ట్రాల్లో ఒడిశా, ఆంధ్రా రెండూ ఉన్నాయి. ఆ టీకా మొదలయ్యాక ఆస్ట్రేలియాలో నాలుగేళ్ళలోపు పిల్లల్లో టైప్ 1 దాదాపు ఏడో వంతు తగ్గింది. ఫిన్‌లాండ్‌లో తేడా కనబడలేదు. పెరిగిందని మాత్రం రెండు చోట్లా తేలలేదు.

థైరాయిడ్‌ది వేరే లెక్క. వైరస్ తర్వాత కొన్ని వారాలకి మెడ నొప్పితో వచ్చే వాపు, 2020లో ఇటలీలో కోవిడ్‌కి ముడిపెట్టి మొదట రాసింది, చాలామందికి కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. రోగనిరోధక శక్తి సొంత థైరాయిడ్‌నే దెబ్బతీసే హషిమోటో జబ్బు అలా కాదు, అదీ ఏళ్ళ తరబడి నడిచేదే. రెండింటినీ ఒకే గాటన కట్టేసి వాట్సాప్‌లో తిప్పుతున్నారు.

వాదనలెలా ఉన్నా మన దగ్గర నష్టం జరిగేది ఇంకోచోట. పిల్లాడు వాంతులు, కడుపునొప్పి, ఆయాసంతో పడి ఉంటే ఇది మలేరియా జిల్లా కాబట్టి ఆశా దీదీ సంచీలోంచి ముందు మలేరియా కిట్ బయటికొస్తుంది, నెగెటివ్ వస్తే వైరల్ అంటారు, నీరసంగా ఉన్నాడని ఎవరో గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తారు. మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైందా, నీళ్ళు తెగ తాగుతున్నాడా అని అడిగి, వేలి మీద చుక్క రక్తం తీసి షుగర్ చూస్తే నిమిషంలో తేలేదానికి విశాఖ కేజీహెచ్ దాకా రైలెక్కాల్సి వస్తోంది.