హాలులో నవ్వులు వినిపిస్తే దెయ్యం సినిమా పోయినట్టేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

కావలిలోని ఒక సింగిల్ స్క్రీన్ హాలులో రీళ్లు మోసే కుర్రవాడిగా చేరి, తర్వాత ఆపరేటర్‌నై, ఇప్పుడు అదే హాలు నిర్వహణ చూసుకుంటున్నాను. ప్రొజెక్టర్ గది కిటికీలోంచి చూసేవాడికి తెరతో పాటు ప్రేక్షకుల తలలు కూడా కనిపిస్తాయి. ఒకే సినిమాను వారంలో 28 ఆటలు వేయవలసి వచ్చినప్పుడు మూడో రోజుకల్లా తెర మీద ఆసక్తి పోయి, చూపంతా ఆ తలల మీదికే మళ్లుతుంది. సంక్రాంతి చిత్రాల ఊపు తగ్గి, పిల్లల పరీక్షలు దగ్గరపడే రోజుల్లో పెద్ద హీరోల సినిమాలు ఉండవు కనుక, ఒక ఇల్లు, ఐదారుగురు నటులు, ఒక దెయ్యంతో తీసిన చిన్న సినిమాలు మా వైపు ఎక్కువగా అప్పుడే వస్తాయి. సినిమా పంపిణీ లెక్కల్లో మా నెల్లూరు ఆంధ్ర ఏరియాలన్నింటిలోకీ చిన్నది కాబట్టి, అవి ఇక్కడ ఎలా ఆడాయన్నది ఎవరికీ పెద్దగా పట్టదు. అయితే ఆ సినిమాలకు జనం స్పందించే తీరు గురించి తీసేవారికీ, కొనేవారికీ, రాసేవారికీ ఉన్న కొన్ని నమ్మకాలు నేను కిటికీలోంచి చూసినదానికి ఏమాత్రం పొసగవు.

అపోహ: దెయ్యం సినిమాలో జనం నవ్వారంటే ఆ సినిమా పోయినట్టే.

మొదటి ఆట చూడటానికి వచ్చిన కుర్ర దర్శకులు బాల్కనీ చివర నిలబడి, నవ్వు వినిపించగానే ముఖం చిన్నబుచ్చుకుని బయటికి వెళ్లిపోవడం నేను పలుమార్లు చూశాను. వారు ఇంకొక అరనిమిషం ఆగి ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది. నవ్వు వినిపించిందా లేదా అన్నది ముఖ్యం కాదు, ఏ క్షణంలో వినిపించిందన్నది ముఖ్యం. తెర మీద తలుపు ధడేలున మూసుకోగానే హాలంతా ఒక్కసారి ఉలిక్కిపడి, ఆ మరుక్షణం నవ్వితే, అది తమ ఉలికిపాటును చూసి తామే నవ్వుకునే నవ్వు. బిగుసుకున్న ఒళ్లు సడలేటప్పుడు అది సహజంగానే వస్తుంది, పక్కవాడు చూశాడేమోనన్న సిగ్గు కూడా అందులో కొంత ఉంటుంది. ‘ఏంనా, భయపడ్డావా?’ అని నేల టికెట్టులో ఒకడు స్నేహితుణ్ని ఆట పట్టించడం ఆ తర్వాతే వినిపిస్తుంది. ఇలాంటి నవ్వు వచ్చిన సన్నివేశం పనిచేసినట్టే లెక్క.

దెయ్యం రాకముందే వచ్చే నవ్వు వేరు. హీరోయిన్ కొవ్వొత్తి పట్టుకుని మేడ మెట్లు ఎక్కుతుండగానే ముందు వరుసల్లో ఎవరో ‘ఇప్పుడు పిల్లి దూకుతుంది చూడు’ అని గట్టిగా చెప్పడం, నిజంగానే పిల్లి దూకడం, హాలంతా ఘొల్లుమనడం జరిగితే, ఆ సినిమా ప్రేక్షకుల చేతిలో ఓడిపోయింది. వారు దర్శకుడి కంటే ఒక అడుగు ముందున్నారు, ఇక చివరిదాకా వెనక్కి రారు. మూడో రకం నవ్వు దెయ్యం ముఖం స్పష్టంగా కనిపించినప్పుడు పుడుతుంది. చీకట్లో అరసెకను కనిపించినంతసేపు భయపెట్టిన ముఖాన్నే దగ్గరి షాటులో పది సెకన్లు చూపిస్తే, జనం పౌడరు ఎంత దట్టంగా వేశారో, విగ్గు ఎక్కడ అతికించారో లెక్కపెట్టడం మొదలుపెడతారు. డబ్బు తక్కువైన సినిమా అక్కడే పట్టుబడుతుంది కాబట్టి, డబ్బు లేనివారు ఆ షాటు తీయకుండా ఉండటమే మేలు.

అపోహ: ఎన్ని కేకలు వినిపిస్తే అంత భయపడ్డట్టు.

ఉలికిపాటు వేరు, భయం వేరు. హఠాత్తుగా పెద్ద చప్పుడైతే సెకనులో ఇరవయ్యో వంతు తిరగకముందే మన కనురెప్పలు మూసుకోవడం మొదలవుతుంది, ఆ వెంటనే మెడ, భుజాలు ముడుచుకుంటాయి. దానికి ఆలోచనతో పని లేదు. వెనుక నుంచి లారీ హారన్ కొట్టినా జరిగేది అదే, ఆ లారీని చూసి మనం రాత్రి నిద్రపోకుండా ఉండము కదా. ఒకే రకమైన చప్పుడును వెంటవెంటనే వినిపిస్తే శరీరం దానికి అలవాటు పడి, ఉలికిపాటు తగ్గుతూ పోతుంది. మొదటి అరగంటలో నాలుగుసార్లు హాలును అదరగొట్టిన సినిమా ఐదోసారికి ఒట్టి చెవినొప్పిగా మారుతుంది, ఇంటర్వెల్‌లో మా కౌంటర్ దగ్గరికి వచ్చి ‘సౌండు కాస్త తగ్గించండి సార్’ అని అడిగేది కూడా అలాంటి సినిమాకే.

అసలైన భయం వినిపించదు, దాని గుర్తు నిశ్శబ్దమే. సీట్లు కిర్రుమనవు, పాప్‌కార్న్ పొట్లాలు చప్పుడు చేయవు, ఫోన్ల వెలుగులు ఒక్కొక్కటిగా ఆరిపోతాయి. ఆపరేటర్‌గా నేను నమ్మిన కొలత ఆ ఫోన్ల వెలుగే. దెయ్యం లేని సన్నివేశంలో, వంటగదిలో కుళాయి తనంతట తానే కారుతున్న షాటులో, కింద ఒక్క ఫోను కూడా వెలగలేదంటే ఆ దర్శకుడికి పని తెలుసునని నాకు అర్థమవుతుంది.

అపోహ: డబ్బు పెట్టలేదు కాబట్టే భయపెట్టలేకపోయారు.

2007లో తొలిసారి ప్రదర్శించిన అమెరికా చిత్రం ‘పారానార్మల్ యాక్టివిటీ’ని ఓరెన్ పెలి శాన్ డియాగోలోని తన సొంత ఇంట్లోనే, సుమారు 15 వేల డాలర్ల ఖర్చుతో తీశాడు. 2009లో అది పెద్ద ఎత్తున విడుదలై ప్రపంచమంతటా 19 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. అందులో చాలాసేపు కెమెరా పడకగదిలో ఒక మూల కదలకుండా నిలబడి ఉంటుంది. ప్రేక్షకుడు ఖాళీ గదినీ, తెరిచి ఉన్న తలుపునూ వెతుక్కుంటూ కూర్చుంటాడు, ఆ వెతుకులాటకు నిర్మాతకు పైసా ఖర్చు కాదు. పాడుబడిన బంగళా కావాలన్న పట్టు కూడా అనవసరం. 2012లో రవిబాబు తీసిన ‘అవును’లో కొత్త దంపతులు దిగేది కొత్త ఇంట్లోకే. బిట్రగుంట నుంచి మా హాలుకు వచ్చే రైల్వే కుటుంబాలు దొరల కాలం నాటి క్వార్టర్లను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాయి, పెచ్చులూడిన గోడలు చూసి వారు భయపడరు. నిన్న రంగు వేసిన గోడ మీద ఇవాళ తడి మరక కనిపిస్తే మాత్రం ముందుకు వంగి చూస్తారు.

అయితే తక్కువ డబ్బుతో తీసేవారు శబ్దం దగ్గరా, వెలుతురు దగ్గరా పొదుపు చేస్తే ఆ లోటును ఏ కథా పూడ్చలేదు. ఇక్కడ మా వృత్తివారి తప్పు కూడా ఒప్పుకోవాలి. ప్రొజెక్టర్ నుంచి తెర మీద పడే తెల్లని వెలుగు 14 ఫుట్-లాంబర్టులు (తెర వెలుగును కొలిచే లెక్క) ఉండాలన్నది ప్రమాణం. ప్రొజెక్టర్‌లోని జినాన్ ల్యాంపు వయసు మీరే కొద్దీ ఆ వెలుగు తగ్గుతుంది, ల్యాంపు ఖరీదైనది కనుక ఇంకొక నెల లాగుదామని చూసే హాళ్లు ఉన్నాయి. ఒక వేసవిలో మేమూ అలాగే లాగాము. పాటలు, ఫైట్లు ఉన్న సినిమాకు ఎవరూ ఏమీ అనలేదు. ఆ తర్వాత వచ్చిన దెయ్యం సినిమాలో మాత్రం, మేడ గది మూలలో నిలబడిన ఆకారం మా తెర మీద కనిపించనే లేదు. హీరోయిన్ ఎందుకు కేక వేసిందో తెలియక జనం నవ్వారు, ‘ఏమీ లేనిదానికి అరుస్తోంది’ అన్న మాట రెండో ఆటకే ఊరంతా పాకింది. కొత్త ల్యాంపు వేశాక అదే సన్నివేశానికి హాలు గప్‌చుప్ అయింది, కానీ అప్పటికి సినిమా ఎత్తివేసే రోజు వచ్చేసింది. ఆ దర్శకుడు ఎవరో నాకు పరిచయం లేదు, ఆయనకు మాత్రం నేను బాకీ ఉన్నాను.

శబ్దం సంగతీ ఇటువంటిదే. సినిమాకు శబ్దాల మిక్సింగ్ చేసేవారు, హాలులో శబ్దాన్ని పెంచి తగ్గించే ప్రాసెసర్ ఫేడర్ 7 దగ్గర ఉంటుందన్న లెక్కతో చేస్తారు. ప్రకటనలు, ట్రైలర్లు మరీ గట్టిగా ఉంటున్నాయన్న ఫిర్యాదులతో హాళ్లవారు దాన్ని 5కో, ఇంకా కిందికో దించి అక్కడే వదిలేస్తారు. దాంతో పెద్ద చప్పుళ్లు ఎలాగూ వినిపిస్తాయి గానీ, వాటికి ముందు రావలసిన చిన్న చప్పుళ్లు, మెట్ల మీద అడుగు, గాజుల సవ్వడి, పక్క గదిలో ఎవరో గొంతు సవరించుకోవడం, ఏసీ హోరులో కలిసిపోతాయి. భయం పేరుకునేది ఆ చిన్న చప్పుళ్ల మీదే.

అపోహ: చెవికి వినిపించని ధ్వనిని సౌండ్ ట్రాక్‌లో కలిపి జనాన్ని భయపెడతారు.

మనిషి చెవికి వినిపించే ధ్వని సుమారు 20 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. ఇంగ్లండులో విక్ టాండీ అనే ఇంజినీరు తన ప్రయోగశాలలో కలిగిన వింత భయానికి ఒక ఫ్యాను పుట్టించిన 19 హెర్ట్జ్ ప్రకంపనే కారణమని 1998లో ఒక వ్యాసం రాశాడు. అప్పటి నుంచి ఈ కబురు సినిమాల చుట్టూ తిరుగుతోంది. మా వంటి పట్టణాల హాళ్లలోని సబ్‌వూఫర్లు, అంటే బాస్ పలికించే స్పీకర్లు, అంత లోతైన ధ్వనిని సరిగ్గా పలికించలేవు. మీ సీటు అదిరిందంటే అది మామూలుగా వినిపించే బాస్ శబ్దమే.

అపోహ: పల్లెల జనం దెయ్యాలను నమ్ముతారు కాబట్టి ఎక్కువ భయపడతారు.

ఈ మాట అనేవారు పల్లె జనంతో కలిసి సినిమా చూసి ఉండరు. నమ్మేవారు నమ్మనివారి కంటే కఠినమైన విమర్శకులు, ఎందుకంటే వారికి నియమాలు తెలుసు. ఒక చిత్రంలో ‘ఈ రోజు అమావాస్య’ అని పూజారి పాత్ర చెప్పిన మరు సన్నివేశంలోనే పెరడంతా నీలిరంగు వెన్నెల పరుచుకుంది. రాత్రిపూట బోట్లలో వేటకు వెళ్లే తీరగ్రామాలవాళ్లు ఆ రోజు ఆటకు వచ్చి ఉన్నారు. ‘అమాస నాడు ఇంత వెన్నెల యాడిదబ్బా?’ అని ఒక పెద్దాయన అడిగిన ప్రశ్నకు ఆ సినిమా దగ్గర సమాధానం లేదు. గుమ్మానికి కట్టిన గుమ్మడికాయను దాటి దెయ్యం ఎలా లోపలికి వచ్చిందని, గృహప్రవేశం నాడు పాలు పొంగించకపోతే ఆ సంగతి చెప్పాలి కదా అని వారు అడుగుతారు. ఇవి వెక్కిరింపులు కావు, కథను నమ్మడానికి సిద్ధపడినవారు అడిగే ప్రశ్నలు.

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ప్రశ్న ఊరికీ పల్లెకూ ఒక్కటే: ‘ఇల్లు ఖాళీ చేసి పోవచ్చు కదా?’ విదేశీ సినిమాల్లో ఆ ఇల్లు అడవి అంచున ఒంటరిగా ఉంటుంది. కావలిలోనో ఒంగోలులోనో గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో ఒక ఆడమనిషి కేక వేస్తే అవతలి పిట్టగోడ మీది నుంచి నలుగురు తొంగి చూస్తారు. ఆ నలుగురు ఏమయ్యారో చెప్పని సినిమాకు మా హాలులో విలువ దక్కదు. చాలామంది దర్శకులు ఈ ప్రశ్నను పట్టించుకోరు. పట్టించుకున్న ఒక సినిమా మాత్రం నాకు బాగా గుర్తుంది. అందులో భర్త పొలం అమ్మి, మిగిలిన సొమ్ముకు బ్యాంకు అప్పు తెచ్చి ఆ ఇల్లు కొన్నాడు. ‘వదిలేసి ఎక్కడికి పోదాం, నెలనెలా కంతు ఎవరు కడతారు?’ అని అతను భార్యను అడిగిన చోట దెయ్యం లేదు, నేపథ్య సంగీతం కూడా లేదు. రెండు వారాల్లో ఏ ఆటలోనూ ఆ మాట దగ్గర ఎవరూ దగ్గనైనా దగ్గలేదు.

అపోహ: ‘ఒంటరిగా చూస్తే బహుమతి’, ‘గుండె జబ్బు ఉన్నవారు రావద్దు’ వంటి ప్రకటనలు సినిమా భయంకరంగా ఉందనడానికి సాక్ష్యం.

ఇది పాత వ్యాపారం. 1958లో అమెరికా నిర్మాత విలియం కాసిల్ తన సినిమా చూస్తూ భయంతో ఎవరైనా చనిపోతే వెయ్యి డాలర్లు ఇచ్చే బీమా పత్రాన్ని టికెట్టుతో పాటు పంచాడు, మరుసటి ఏడు ఇంకొక సినిమాకు హాలులో ప్రేక్షకుల తలల మీదుగా అస్థిపంజరాన్ని తీగ మీద తిప్పించాడు. మన దేశంలో 2008లో ఒక హిందీ దెయ్యం సినిమాకు హాలులో ఒంటరిగా కూర్చుని చూసినవారికి 5 లక్షల రూపాయలని ప్రకటించారు. చీకట్లో ప్రేక్షకుల ముఖాలను చిత్రీకరించి ట్రైలర్‌గా చూపించే పద్ధతిని, పైన చెప్పిన ‘పారానార్మల్ యాక్టివిటీ’ ప్రచారం బాగా వాడుకుంది. అటువంటి వీడియోలో వంద ముఖాల నుంచి ఏరిన ఆరు ముఖాలే ఉంటాయని గుర్తుంచుకుంటే చాలు. ‘ఎ’ సర్టిఫికెట్ గురించి కూడా ఇదే పొరపాటు ఉంది. పద్దెనిమిది ఏళ్లు నిండనివారికి ఆ సినిమా తగదని మాత్రమే దాని అర్థం, అది భయానికి ఇచ్చిన మార్కు కాదు.

అపోహ: మార్నింగ్ షో టాకే తుది తీర్పు.

మార్నింగ్ షోకు వచ్చేది ఎక్కువగా కాలేజీ కుర్రాళ్లు. వారు గుంపుగా వస్తారు, గుంపులో భయపడటం నామోషీ కనుక ముందుగానే కామెంట్లు మొదలుపెడతారు. అదే సినిమాను సెకండ్ షోలో, ఇంటిల్లిపాదీ వచ్చినప్పుడు చూస్తే వేరే సినిమా అనిపిస్తుంది. హాలులో 30 మందే ఉన్న ఆట ఇంకొక తీరుగా నడుస్తుంది. కేకలు అంటుకోవడానికి పక్కన మనిషి లేడు కాబట్టి హాలు చప్పగా ఉందని మేమే అనుకుంటాము, తీరా చూస్తే ఇంటర్వెల్‌కు వారు దూరంగా ఉన్న సీట్లు వదిలి ఒకే వరుసలోకి వచ్చి కూర్చుని ఉంటారు. డబ్బు లెక్కకు మార్నింగ్ షో టాక్ ఎంత ముఖ్యమో నాకు తెలుసు, సోమవారానికి సినిమా ఉంటుందో లేదో దానితోనే తేలుతుంది. కానీ దెయ్యం సినిమా పగటిపూట, గుంపు మధ్య, కామెంట్ల నడుమ పరీక్షకు నిలబడటం న్యాయం కాదు. పంపిణీదారులు నా మాట వింటే ఇటువంటి చిత్రానికి తొలి ఆటగా గురువారం రాత్రి సెకండ్ షో వేయమంటాను. ఇప్పటిదాకా ఒక్కరు కూడా వినలేదు.

మా సైకిల్ స్టాండు పెద్దాయన సినిమా చూడడు, దెయ్యం సినిమాకు ఆయన లెక్క వేరు. సెకండ్ షో వదిలాక జనం ఎవరి బండి వారు తీసుకుని వెళ్లిపోతే ‘ఇది శుక్రవారం దాకా ఉండదు’ అంటాడు. తుమ్మలపెంట రోడ్డు వైపు వెళ్లేవారు బళ్లు స్టార్ట్ చేసి కూడా కదలకుండా, ‘మీరెటు? ఆగండి, కలిసే పోదాం’ అని ఒకరినొకరు పిలుచుకుంటే మాత్రం, మరునాడు ఇంకొక కట్ట టోకెన్లు కావాలని నా దగ్గరికి వస్తాడు.